అలాగేగారి వీలునామా

ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. అందరూ బోడిగుండ్లతో సుఖపడిపోతే క్షౌరం చేసేవాడి ఇంట్లో పొయ్యి వెలగదు కదా. అందుకని అలాగేగారు ఆ సామెతలో మొదటి సగాన్ని మాత్రమే నమ్ముకున్నారు, అది కూడా తన పద్ధతిలో. నోరు మూసుకుని ఊరుకోలేదు, ఎవరేమడిగినా "అలాగే" అనేవారు. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది గానీ, దాన్ని పనిగట్టుకుని చదివిన వాళ్లు లేరు.

నలభై ఏళ్లలో ఆయన తన కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషికీ కాదని చెప్పలేదు. ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురూ వేర్వేరు రోజుల్లో గడ్డం గీయించుకుంటూ ఓటడిగితే ముగ్గురికీ అలాగే అన్నారు. ఒక ప్రహరీ గోడ కోసం ఏడేళ్లుగా కొట్టుకుంటున్న ఇరుగుపొరుగువాళ్లు ఒకే ఉదయం ఒకరి వెనక ఒకరు వచ్చి, సాక్ష్యం తన తరఫునే చెప్పాలని అడిగి, ఇద్దరూ నున్నటి చెంపలతో, నిశ్చింతగా ఇళ్లకు వెళ్లారు. సాక్ష్యం రోజున ఆయన షాపులోంచి బయటికి రాలేదు. ఇద్దరూ మండిపడ్డారు గానీ పై వారం మళ్లీ ఆయన దగ్గరికే వచ్చారు. ఆయన చెయ్యి అంత తేలిక మరి.

దీని వెనక ఒక చెవి కథ ఉంది. పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో, కుర్చీలో ఉన్న మనిషి ఏదో బస్సు ఏ దారిన పోతుందో చెబితే, కాదండీ ఇంకో దారిన పోతుందని ఈయన అన్నారు. ఆ మనిషి వాదించడానికి గిరుక్కున తల తిప్పాడు. చెవి అంచు తెగింది. చెవి మానింది గానీ చిన్న నొక్కు మిగిలిపోయింది. ఆ నొక్కు పాతికేళ్లపాటు అదే వీధిలో రోజూ ఎదురుపడుతూనే ఉంది. కత్తి కింద ఉన్న మనిషికి ఎదురు చెప్పకూడదనే నియమం అప్పుడు పుట్టింది. కూతురికి పని నేర్పేటప్పుడు, కత్తెర పట్టుకోవడం కంటే ముందు ఆయన నేర్పింది ఇదే.

ఆ కూతుర్ని షాపుకొచ్చేవాళ్లు చిన్నకత్తెర అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆయనది అద్దం ముందు మొదటి కుర్చీ, ఆమెది రెండోది. ఆడది మగవాళ్ల గడ్డాలు గీయడమేమిటని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నవాళ్లే, తర్వాత ఆవిడ చెయ్యి ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని పాత పేపర్లు తిరగేశారు. పెళ్లి ఊసెత్తినవాళ్లకు మాత్రం చెవి పక్కన కత్తెర కాస్త గట్టిగా ఆడేది, ఆ ఊసు అక్కడితో ఆగేది. పదకొండేళ్లు తండ్రి పక్కనే నిలబడి పనిచేసింది. చివరి నలభై రోజులు ఆయన పైగదిలో మంచాన పడితే, కింద షాపు తనే నడిపింది, పైన ఆయన్నూ తనే చూసుకుంది.

ఆయన పోయిన పదిహేనో రోజున ఆమె అన్నా తమ్ముడూ షాపుకొచ్చారు. పెద్దాడు రవాణా ఆఫీసులో గుమాస్తా, బరువైన మనిషి, మాట కూడా బరువుగానే వేస్తాడు. చిన్నాడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు, కూర్చున్న చోట కుదురుగా ఉండడు. పెద్దాడి వెంట భార్య వచ్చింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. చిన్నకత్తెర ఆ పూటకు షట్టరు సగం దించి, బెంచీ మీది జుట్టు దులిపి ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. తను మాత్రం కూర్చోలేదు. ఆ గదిలో కూర్చోవడం ఆమెకు చేతకాదు.

పెద్దాడు గొంతు సవరించుకుని, ఈ షాపు తనకిస్తానని నాన్న మాటిచ్చాడని చెప్పాడు. పార్సిళ్లు బుక్ చేసే ఆఫీసు పెట్టుకుంటానని రెండేళ్ల కిందట క్రాపు చేయించుకుంటూ అడిగితే, అలాగేరా అన్నాడట. చిన్నాడు లేచి నిలబడ్డాడు. తనకు కూడా ఇస్తానన్నాడు, అది కూడా మంచాన పడడానికి వారం ముందే, సొంత రిపేరు షాపు పెట్టుకుంటానంటే. ఎక్కడ అడిగావని పెద్దాడు నిలదీశాడు. ఇదిగో, ఇక్కడే, ఈ కుర్చీలోనే అని చిన్నాడు చూపించాడు. ఇద్దరూ ఒకే కుర్చీ వంక చూశారు.

చిన్నకత్తెరకు ఆ రెండు అలాగేలూ గుర్తున్నాయి. రెండుసార్లూ ఆమె పక్క కుర్చీ దగ్గరే ఉంది. రెండుసార్లూ అద్దంలో తండ్రి ముఖం వైపు చూసింది, ఆయన కళ్లు మాత్రం దువ్వెన మీదే ఉన్నాయి. అప్పుడు ఆమెకు లోలోపల నవ్వొచ్చింది. ఇప్పుడు అన్నదమ్ముల ముఖాలు చూస్తుంటే నవ్వు రావడం లేదు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఇద్దరూ నిజంగానే నమ్ముకుని కూర్చున్నారు.

ఇంతలో సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లాయరు గారు లోపలికి వచ్చారు. ఈయన ఇరవై ఏళ్లుగా రోజు విడిచి రోజు ఇక్కడే గడ్డం గీయించుకునే మనిషి. వస్తూనే సంచిలోంచి ఒక కాగితం తీసి, మీ నాన్న వీలునామా నా దగ్గరుందని చెప్పారు. అందరి ప్రాణాలూ లేచివచ్చాయి. కాగితం ఉంటే ఇక తగువేముంది. లాయరు గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. కింద షాపు, పైన రెండు గదులు, మొత్తం అమ్మేసి, వచ్చినది ముగ్గురూ సమానంగా పంచుకోవాలి. కింద సంతకం, ఇద్దరు సాక్షులు.

చిన్నకత్తెర గోడ మీది అద్దాల వైపు చూసింది. అమ్మేస్తే కొన్నవాడు ఈ అద్దాలు తీసేస్తాడు. ఆమెకు వచ్చింది ఈ పని ఒక్కటే, ఆమె ఉండేది పైగదిలోనే. వాటా చేతిలో పడవచ్చు, కానీ ఈ వయసులో ఇంకొకరి షాపులో కుర్చీ అడుక్కోవాలి. ఆడమనిషికి గడ్డం గీసే కుర్చీ ఇచ్చేవాడెవడు?

లెక్కల టీచరుకు అనుమానం వచ్చింది. ఆవిడకు జవాబు ఎంత సరిగ్గా ఉన్నా చేసిన పద్ధతి చూడందే మార్కులు వేసే అలవాటు లేదు. ఈ వీలునామా ఆయన ఎప్పుడు రాయించారని అడిగింది. లాయరు గారు కాస్త తటపటాయించారు. ఒక రోజు గడ్డం గీయించుకుంటూ, పెద్దవారైపోతున్నారు, ఆస్తి అమ్మి ముగ్గురికీ సమానంగా వచ్చేలా ఒక కాగితం రాసిపెడదామా అని తానే అన్నారట. ఆయన ఏమన్నారు అని ఆవిడ అడిగింది. లాయరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అలాగే అన్నారు," అన్నారాయన నెమ్మదిగా.

మరుసటి గడ్డానికి కాగితం తెచ్చారు. అలాగేగారు ఎడమచేత్తో బ్రష్షు పట్టుకుని, కుడిచేత్తో సంతకం పెట్టారు. కాగితం మూల సబ్బునురగ మరక ఇంకా ఉంది. సాక్షులు ఎవరంటే, ఆ పూట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఇద్దరు. వాళ్లలో ఒకాయన సంతకం పెట్టాక తన వంతుకు కుర్చీ ఎక్కి, ఇదంతా ఎందుకండీ, పెద్దాడి పేర రాసెయ్యండి అంటే దానికీ అలాగే అన్నారట. ఈ సంగతి కూడా లాయరు గారే చెప్పారు. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. షాపును వీధి చివరున్న తన ఇంటి పక్కకు మార్చెయ్యమని తను పదేళ్లుగా అంటున్నారని, దానికీ ఆయన పదేళ్లుగా అలాగే అంటూ వచ్చారని ఆయనకు అప్పుడే తట్టింది. చివరికి, మీ ముగ్గురూ కలిసి ఒక మాట మీదికి వస్తే ఈ కాగితం గురించి పట్టుపట్టనని, రాకపోతే మాత్రం ఇదే చెల్లుతుందని తేల్చారు.

అక్కడ ఉన్నవాళ్లందరూ అయోమయంలో పడ్డారు. నలభై ఏళ్లు నోటినిండా అలాగే అన్న మనిషికి అసలు ఏం కావాలో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చిన్నాడు నాన్న మోసం చేశాడన్నాడు. మోసం కాదు, మొహమాటమన్నాడు పెద్దాడు. మొహమాటం కాదు, భయమంది అతని భార్య. లాయరు గారు, నాకైతే ఏమీ అర్థం కావడం లేదని, లాయరుగా తన జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నారు.

అప్పుడు లెక్కల టీచరు ఇంకో ప్రశ్న వేసింది. అందరికీ అలాగే అన్నారు సరే, కాదు అని ఎవరితోనైనా అన్నారా? కాదు అనిపించుకున్న మనిషి ఎవరో తెలిస్తే, ఆయన నిజం చెప్పింది ఆ మనిషికే.

అందరూ చిన్నకత్తెర వైపు తిరిగారు. పదకొండేళ్లుగా ఆ షాపులో రోజుకు యాభైసార్లు కాదు అనిపించుకున్నది ఆమె ఒక్కతే. అలా కాదు. అంత లోతు కాదు. చెంపలు రెండూ సమానం కాలేదు, మళ్లీ చెయ్యి. బెంచీ మీద వాళ్ల ముందే అనేవారు, చిన్నపిల్లని అన్నట్టు. ఆమె కూర్చుని చేయించుకునే మనిషి కాదు, పక్కన నిలబడే మనిషి. ఆమెతో ఆయనకు మొహమాటం లేదు.

"అక్కా, షాపు గురించి నాన్న నీతో ఏమన్నాడో చెప్పు," అన్నాడు చిన్నాడు. "నీకిస్తానన్నాడంటే నాకేం అడ్డం లేదు. నువ్వు చెబితే నమ్ముతాను."

పెద్దాడు కూడా తలూపాడు. నువ్వు ఏది చెబితే అదే ఖాయమన్నాడు. చిన్నకత్తెర రేపు పొద్దున చెబుతానంది. లాయరు గారు, రేపు ఎటూ తన గడ్డం రోజే కాబట్టి ఎనిమిదింటికల్లా వస్తానని చెప్పి, వచ్చినట్టే వంగి వెళ్లిపోయారు.

చిన్నకత్తెరకు సమాధానం తెలుసు. తెలియకపోతే బాగుండేది.

రెండేళ్ల కిందట, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. ఇద్దరూ కుర్చీల ఇరుసులకు నూనె వేస్తున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, చేతినిండా నూనెతో ఆమె అడిగింది, నాన్నా, ఈ షాపు నాకిస్తావా అని. ఆయన తల ఎత్తలేదు.

"ఎవరికిచ్చినా ఇస్తాను గానీ నీకు మాత్రం ఇవ్వను," అన్నారు.

ఎందుకని ఆమె అడిగేలోగా ఎవరో గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించనే లేదు. తర్వాత మళ్లీ అడగడానికి ఆమెకు రోషం అడ్డొచ్చింది.

ఇప్పుడు ఒక్క మాట అబద్ధం చెబితే చాలు. షాపు నాకే ఇస్తానన్నాడు. మూడంటే మూడే ముక్కలు. అన్నదమ్ములు నమ్ముతారు, లాయరు కాగితం చింపేస్తాడు, అద్దాలు గోడ మీదే ఉంటాయి. తండ్రి నలభై ఏళ్లు ఊరందరికీ ఇలాంటి ముక్కలే పంచిపెట్టాడు, కూతురు ఒక్కటి ఆడితే తప్పేముంది? కానీ అదే గొంతులో అడ్డం పడుతోంది. అందరికీ అబద్ధమాడిన మనిషి తనకు ఒక్కదానికే నిజం చెప్పాడు. ఆ ఒక్క నిజాన్నీ మింగేస్తే ఆయన దగ్గర్నుంచి ఆమెకు మిగిలేదేమీ లేదు.

అయినా ఎందుకు ఇవ్వనన్నాడు? అన్నదమ్ములు వెళ్లాక మధ్యాహ్నమంతా పని చేస్తూ ఆమె ఇదే తవ్వుకుంది. తన పని నచ్చక కాదు. తన సొంత గడ్డాన్ని ఆయన ఆమె చేతికి తప్ప ఎవరి చేతికీ ఇవ్వలేదు. తువ్వాళ్లు ఉతికి తెచ్చే పెద్దావిడను అడిగితే, మీ నాన్న కాళ్లు చూశావా, నరాలన్నీ తాళ్లలా పైకి లేచాయి, నువ్వూ అలా నిలబడి నిలబడి చావకూడదని అనుంటాడంది. నిజమేననిపించింది. ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన్ను అడిగితే, ఆడపిల్లవు కదమ్మా, ఎంత నేర్చినా ఆడపిల్లవేనని ఆయన అనుకున్నాడేమో అన్నాడు. అదీ నిజమేననిపించింది. మరి ఆడపిల్లని పక్కన నిలబెట్టి, ఊరి నోళ్లన్నీ మూయించింది ఎవరు? ఈ ఆలోచనల్లో పడి ఒక కాలేజీ కుర్రాడికి కుడి చెంప పొట్టిగా, ఎడమ చెంప పొడుగ్గా కత్తిరించింది. వాడు అద్దంలో చూసుకుని, ఇది కొత్త ఫ్యాషనా అని మర్యాదగానే అడిగాడు.

మర్నాడు ఉదయం ఎనిమిది కాకముందే అందరూ వచ్చేశారు. అన్నదమ్ములిద్దరూ, వదిన బెంచీ మీద వరసగా కూర్చున్నారు. లాయరు గారికి పదింటికి కోర్టు ఉంది. మాటలు ఎంతసేపు సాగుతాయో ఏమో, గడ్డం ఈలోగా అయిపోతుందని ఆయన నేరుగా రెండో కుర్చీ ఎక్కి మెడ వెనక్కి వాల్చారు. వీలునామా ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది. చిన్నకత్తెర తువ్వాలు కప్పి, నురగ పట్టించింది. తోలుపట్టీ మీద కత్తి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పింది. కత్తి చేతిలో ఉంటే ఆమెకు కాస్త ధైర్యం.

"అన్నయ్యా, నాన్న నాకు ఇవ్వనన్నాడు," అంది. "నేనే అడిగాను. ఎవరికిచ్చినా నీకు మాత్రం ఇవ్వనన్నాడు. ఎందుకో చెప్పలేదు."

వదిన ఆమె వైపు అదోలా చూసింది. లెక్క సరిగ్గా చేసి సున్నా తెచ్చుకున్న పిల్లని చూసినట్టు చూసింది. చిన్నకత్తెర వెనక్కి తిరిగి, లాయరు గారి కుడి చెంప మీద కత్తి ఆనించింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి జారితే చూపు మసకబారుతుంది, చూపు మసకబారితే కత్తి తప్పుతుంది. అందుకని మనసంతా ఆ చెంప మీదే పెట్టింది. దవడ ఎముక దగ్గర వెంట్రుకలు అడ్డంగా మొలుస్తాయి ఆయనకు. అక్కడ చర్మాన్ని బొటనవేలితో పైకి లాగి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా దించాలి.

లాయరు గారు పెదవులు ఎక్కువ కదపకుండా ఏదో మాట్లాడుతున్నారు. కాసేపు మాట్లాడారు. చివర్లో ఏదో అడిగారు.

"అలాగేనండీ," అంది చిన్నకత్తెర.

బెంచీ కిర్రుమంది. వదిన లేచి నిలబడింది.

"ఏమన్నావో తెలిసే అన్నావా అమ్మాయ్?" అందావిడ.

చిన్నకత్తెర తల తిప్పి చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు. ఆయన ఏమన్నారని అడిగింది. అయితే కాగితంలో ఉన్నట్టే అమ్మకానికి పెట్టేద్దాం, నాకు తెలిసినవాడొకడున్నాడు, రేపు రమ్మంటాను, సరేనా అని ఆయన అడిగారని పెద్దాడు చెప్పాడు. దానికి నువ్వు అలాగేనన్నావు అన్నాడు.

ఆమె కత్తిని చెంప మీంచి ఎత్తింది. ఆమె ఒక్క మాట కూడా వినలేదు. మనిషి గొంతు ఆగినప్పుడు, ఆ ఆగడంలో ఒక ప్రశ్న ఉన్నట్టు తోచినప్పుడు, నోరు దానంతటదే ఆ మాట అనేసింది. పదకొండేళ్లుగా అలాగే అంటోంది. లాయరు గారికే కాదు.

కత్తిని అద్దం కింది పలక మీద పెట్టి ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

చివరి నలభై రోజులూ పైగదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి తండ్రికి రోజూ ఆమే గడ్డం గీసింది. మనిషి చిక్కిపోయి, చెంపలు లోపలికి పోయి, చర్మం వదులైపోయింది. వదులైన చర్మం మీద కత్తి ఆడించడం కత్తి మీద సామే. ఆ గుంటల్లో ఎక్కడ తెగుతుందోనని ఆమె ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని చేసేది. ఆయన మాట్లాడుతూ ఉండేవారు. గొంతు సన్నబడిపోయింది, మధ్య మధ్య ఆయాసం. జీవితంలో ఎన్నడూ అంత మాట్లాడలేదు. ఆమె ప్రతిదానికీ అలాగే నాన్నా అంటూ వచ్చింది. నియమం ఆయన నేర్పిందే కదా. కత్తి కింద ఉన్న మనిషికి ఎదురు చెప్పకూడదు.

ఒక రోజు అలా అన్నాక ఆయన గోడకున్న చిన్న అద్దంలోంచి ఆమెను చాలాసేపు చూశారు. తర్వాత నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు తెర వచ్చింది. నేర్చేసుకున్నావే, అన్నారు. తన చెయ్యి బాగా కుదిరిందని మెచ్చుకుంటున్నారనుకుని ఆమె ఆ రోజంతా సంతోషంగా ఉంది.

"నాన్న నాతో ఏదో చెప్పాడన్నయ్యా," అంది. ఈసారి కళ్లనీళ్లు ఆపుకోలేదు. "నలభై రోజులు చెప్పాడు. షాపు గురించేనేమో, ఎందుకివ్వనన్నాడో అదేనేమో, నాకే ఇస్తానన్నాడేమో కూడా. నేను వినలేదు. అలాగే అలాగే అన్నాను. దేనికి ఒప్పుకున్నానో నాకే తెలియదు."

ఒకవైపు నున్నగా, ఇంకోవైపు నురగతో లాయరు గారు కుర్చీలో లేచి కూర్చున్నారు. ఎవరివైపు చూడాలో తెలియక జేబులోని కాగితాన్ని లోపలికి తోసుకున్నారు. చిన్నాడు వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు గానీ, ఏం చెయ్యాలో తోచక తువ్వాలొకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

పెద్దాడు బెంచీ మీంచి అడిగాడు, నాన్న ఏమన్నాడో వదిలెయ్యి, నీకేం కావాలి అని. నిన్నట్నుంచీ ఆ మాట ఎవరూ అడగలేదని అతనికి అప్పుడే తట్టినట్టుంది. అడిగి తలదించుకున్నాడు.

"నాకీ షాపు కావాలి," అంది ఆమె.

"అలాగే," అన్నాడు పెద్దాడు.

ఆ మాట విని అందరూ ఉలిక్కిపడ్డారు, అన్నవాడితో సహా. అతను కుర్చీలో లేడు, మెడ మీద కత్తి లేదు, అయినా అది ఏ రకం అలాగేనో చిన్నకత్తెరకు అర్థం కాలేదు.

"అలా అనకన్నయ్యా. ఇంకోలా చెప్పు," అంది.

పెద్దాడు నోరు తెరిచాడు, మూశాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకు ఒప్పుకోవడానికి ఆ ఒక్క మాటే నేర్పారు. బరువైన మనిషి, నెమ్మదిగా చెవులదాకా ఎర్రబడ్డాడు. భార్య వైపు చూశాడు, ఆవిడ సాయం చేయలేదు. చివరికి తన మోకాళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాకు మనసొప్పడం లేదు. రెండేళ్లుగా బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకున్నాను. నాన్న మీద కోపం, నీ మీద కూడా కోపమే. నీకివ్వడం నాకిష్టం లేదు," అన్నాడు. తర్వాత తలెత్తాడు. "షాపు నువ్వే తీసుకో. పైగదులు ముగ్గురివీ."

చిన్నాడు, తనకూ ఏడుపొస్తోందని, అయినా అక్కే తీసుకోవాలని గబగబా అనేసి, ముఖం అటు తిప్పుకున్నాడు. వాళ్లిద్దరి ముఖాలూ కందగడ్డల్లా ఉన్నాయి. ఇచ్చేవాళ్ల ముఖాలు అలా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఆమె నమ్మింది. తండ్రి ఆమెతో ఏమన్నారో, దానికి ఆమె ఏం మాటిచ్చిందో ఇక ఎప్పటికీ తెలియదు. అది ఆమెతోనే ఉంటుంది.

లాయరు గారు కాగితం తీసి రెండుగా చింపి, గోడ గడియారం వైపు చూసి, మళ్లీ మెడ వెనక్కి వాల్చారు. ఎడమ చెంప మీద నురగ ఆరిపోయింది. చిన్నకత్తెర ముఖం కడుక్కుని, మళ్లీ నురగ పట్టించి, కత్తి తీసుకుంది. సగం చెంప అయ్యేసరికి ఆయన పెదవులు మళ్లీ కదిలాయి. ఏదో సన్నగా అన్నారు, ఆగారు.

ఆమె కత్తిని చెంప మీంచి పూర్తిగా ఎత్తి, ఆయన ముఖం దగ్గరికి వంగింది.

"ఏమన్నారు? వినలేదు, మళ్లీ చెప్పండి," అంది.